చిన్నత్త రెండో కేసెట్టు

ఆ రోజుల్లో మా వైపు, గుమ్మంలోకి వచ్చిన మనిషిని 'రండి' అనకపోవడాన్ని మించిన నేరం ఇంకొకటి ఉండేది కాదు. చీకట్లో కొబ్బరికాయలు దింపుకుపోయిన వాణ్ణయినా కొన్నాళ్ళకి మర్చిపోయేవారు గానీ, "వాళ్ళింటికి వెళ్ళేనండి, చూసి కూడా చూడనట్టు ఊరుకున్నారండి" అన్న మాట మాత్రం తండ్రుల నుంచి కొడుకులకి ఆస్తితో పాటు వచ్చేది. కుదిరిన సంబంధాలు చెడిపోవడం, అన్నదమ్ములు చెరో పంటు ఎక్కి ఏరు దాటడం, అన్నీ ఈ 'రండి' దగ్గరే మొదలయ్యేవి. నేను మాత్రం దాన్ని ఒక జబ్బుగా లెక్కవేసేవాణ్ణి. ఎందుకంటే నేను అప్పుడే డిగ్రీ మీద బి.యిడి. కూడా పూర్తి చేసి, అమలాపురం దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు మేష్టరుగా చేరాను. తొమ్మిదో తరగతికి 'ధ్వని' పాఠం చెప్పేవాణ్ణి. ధ్వని గురించి నాకు తెలిసినంత ఈ లంకల్లో ఇంకెవరికీ తెలియదని నాకు గట్టి నమ్మకం. (ఆ పాఠం పట్టుమని పది పేజీలుండదు.)

బడికి దగ్గరవుతుందని అల్లవరం వైపు కాలవ గట్టున ఉండే మా చిన్నత్త ఇంట్లో మకాం పెట్టాను. నాన్నకి ఇద్దరు తోబుట్టువులు. పెద్దత్త రాజోలులో ఉండేది, చిన్నత్త ఇక్కడ. చిన్నత్త మొగుడు, అంటే మా మావయ్య, కాలవ లాకుల మీద లస్కరు. పొద్దున్నా సాయంత్రం లాకు తలుపులు ఎత్తడం, దించడం ఆయన ఉద్యోగం. మాట మాత్రం ఎత్తేవాడు కాదు. ఏం అడిగినా "ఆయ్" అనేవాడు. అది అవునో, కాదో, విన్నానన్న రసీదో ఆయన మొహం చూసి మనమే తేల్చుకోవాలి.

చిన్నత్త పాటలు కట్టేది. ఆదివారం చర్చిలో కీర్తనలు పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు పాడేది. మిగతా వారమంతా తన సొంత సరుకు. చిన్నతనంలో అక్కతో కలిసి వరి ఊడ్పులకి వెళ్ళినప్పుడు మొదలైన అలవాటట. కొబ్బరి దింపు మీద, పంటు నడిపే సరంగు మీద, కోడలికి దొరక్కుండా అత్త దాచుకున్న బెల్లం మీద, దేని మీద పడితే దాని మీద పాట కట్టేది. కాగితం మీద పెట్టేది కాదు. "రాసుకుంటే మర్చిపోతాంరా" అనేది. ఇది ఏ శాస్త్రం ప్రకారం నిజమో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు గానీ, నేను రాసుకున్నవన్నీ మర్చిపోయిన మాట నిజం.

మొదటి కేసెట్టు ఎవరూ అనుకుని చేసింది కాదు. చిన్నత్త అల్లుడు మస్కట్ నుంచి సెలవు మీద వస్తూ పెద్ద టేపు రికార్డరు తెచ్చాడు. ఒక ఆదివారం, నేను ఊళ్ళో లేనప్పుడు, భోజనాలయ్యాక వసారాలో పెట్టి, "పాడండి అత్తయ్యగారూ, అక్కడికెళ్ళి వినుకుంటాను" అన్నాడు. చిన్నత్త చేటలో బియ్యం ఏరుతూ మొదలుపెట్టింది.

కొబ్బరాకు సందులోంచి సందమామ తొంగిసూసె
కొత్తకోడలమ్మ సేత గరిటె జారిపోయెరా...

సరిగ్గా గరిటె జారే చోట గేటు కిర్రుమంది. వచ్చింది చిన్నత్త వియ్యపురాలు, అంటే ఈ మస్కట్ అబ్బాయి తల్లి. పాట ఆపితే కేసెట్టు పాడవుతుంది, పిలవకపోతే వియ్యం పాడవుతుంది. చిన్నత్త రెండూ పాడవకుండా, అదే వరసలో, తాళం తప్పకుండా, "రండి వదినగారూ రండీ, కూర్చోండి వదినగారూ, పాటలో ఉన్నానండీ" అని పాడి, మళ్ళీ గరిటె దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ కేసెట్టు అమలాపురంలో మైకుసెట్టు నడిపే మా మైకు బాబాయి చెవిన పడింది. ఆయన దానికి నకళ్ళు తీశాడు. ఆ ఏడు పెళ్ళిళ్ళలో కొత్తపేట నుంచి రాజోలు దాకా కొబ్బరిచెట్లకి కట్టిన ప్రతి మైకులోంచీ కొత్తకోడలి గరిటె జారింది, ప్రతి పందిట్లోకీ వదినగారు వచ్చి కూర్చుంది. పాట కన్నా ఆ పిలుపు జనానికి ఎక్కువ నచ్చింది. అంతవరకు ఎవరికీ తెలియని ఆవిడ రాత్రికి రాత్రి 'పాటలో వదినగారు' అయిపోయింది. బస్సులో కండక్టరు లేచి, "మీరేనాండీ ఆవిడ? కూర్చోండి వదినగారూ" అని తన సీటు ఇచ్చేవాడు. పలివెల తీర్థంలో గాజులు కొనుక్కోబోతే, ఆవిడ తొడుక్కున్న రంగే మాకూ కావాలని ఆడవాళ్ళు మూగారట. పాడిన చిన్నత్తని మాత్రం ఎవరూ గుర్తుపట్టేవారు కాదు. వదినగారి నడక కూడా మారిపోయిందని, ఇదివరకు గట్టు వారనే నడిచే మనిషి ఇప్పుడు నడిమధ్యన నడుస్తోందని మావయ్య ఒకసారి అన్నాడు. (ఆ నెలలో ఆయన మాట్లాడిన పెద్ద వాక్యం అదే.)

మైకు బాబాయి రెండో కేసెట్టు కోసం తిరగడం మొదలుపెట్టాడు. "చూద్దాం లెండి" అంటూ చిన్నత్త చాలాకాలం దాటవేసింది. తొలకరి పడి ఊడ్పులు మొదలైన రోజుల్లో ఒక పొద్దున్న తనంత తానే, "ఒరేయ్ అబ్బాయ్, బాబాయిగారికి కబురు చెప్పరా. పాడతాను" అంది. ఉన్నట్టుండి ఎందుకు మనసు మారిందో నేను అడగలేదు. నా బుర్ర నిండా వేరే ఆలోచన ఉంది. ఈసారి రికార్డింగు శాస్త్రీయంగా జరగాలి. ధ్వని పాఠం చెప్పే మేష్టరు ఇంట్లో ఉండగా గేటు కిర్రుమనే కేసెట్టు బయటికి వెళ్తే నా పరువేం కాను? నన్ను నేనే రికార్డింగు డైరెక్టరుగా నియమించుకున్నాను. ఎవరూ కాదనలేదు. మా వైపు ఎవరూ ఎవరినీ మొహం మీద కాదనరు.

వసారా చుట్టూ గోనెపట్టాలు కట్టాను. గోడలకి బొంతలు వేలాడదీశాను. గేటుకి కొబ్బరినూనె పోశాను. కోళ్ళని గంపల కింద మూశాను. గోడగడియారం ఆపేశాను. కాకుల్ని తోలడానికి వెదురుకర్ర పట్టుకుని నేనే పెరట్లో తిరిగాను. (బడి పిల్లలు కాలవ అవతల నుంచి నన్ను చూసి, మర్నాడు క్లాసులో 'హుష్' అని ఎవరో అంటే అందరూ నవ్వారు.) పరావర్తనం, ప్రతిధ్వని అంటూ చిన్నత్తకి పాఠం కూడా చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని, "అయితే మరి మజ్జిగ ఎక్కడ పెట్టనురా, బొంత వెనకాలా?" అంది. ఆఖరికి మావయ్య దగ్గరికి వెళ్ళి, పాట జరుగుతున్నంతసేపు లాకుల దగ్గర పడవలు ఆపగలరా అని అడిగాను. ఆయన నన్నొకసారి, కాలవనొకసారి చూసి, "ఆయ్" అన్నాడు. పడవలు యథాప్రకారం వెళ్ళాయి.

నేను లెక్కలోకి తీసుకోని ధ్వని ఇంకొకటి ఉంది. చిన్నత్త మళ్ళీ పాడుతోందన్న వార్త పాకింది. పాటలోకి వెళ్తే పేరొస్తుందని వదినగారిని చూసి జనానికి అర్థమైపోయింది. మొదటి రోజు రికార్డింగు మొదలెట్టే వేళకి గేటు బయట కాలవ గట్టు మీద పెళ్ళికి వచ్చినట్టు మనుషులు నిలబడి ఉన్నారు. ఆలమూరు నుంచి ఒక రైతు భార్యని వెంటబెట్టుకుని వచ్చాడు, ఆవిడ పట్టుచీర కట్టుకుంది. లోపలికి రమ్మంటే రారు. "పాట మొదలయ్యిందాండీ?" అని అడిగాడు. ఇంకా లేదన్నాను. "అయితే మొదలయ్యేక వత్తాం లెండి. తొందరేం లేదు" అని చెట్టు నీడకి వెళ్ళిపోయారు.

పాట మొదలైంది. నూనె పోసిన గేటు చప్పుడు చెయ్యకుండా తెరుచుకుంది. చిన్నత్త తలెత్తి చూసి, ఏం చేస్తుంది పాపం, "రండి బావగారూ రండీ, అక్కగారూ రండీ" అంది. వాళ్ళు కూర్చోకముందే వెనక ఇంకొకరు. వాళ్ళ వెనక మరొకరు. గేటు దగ్గర "తమరు ముందు వెళ్ళండి", "అబ్బే, తమరుండగా నేనా, తమరే వెళ్ళండి" అని మర్యాదలు జరుగుతున్నాయి. అవి కూడా కేసెట్టులో పడుతున్నాయి. కొబ్బరి వర్తకుడొకాయన తనని 'బాబాయిగారూ' అని, తన కన్నా పెద్దవాణ్ణి 'అన్నయ్యగారూ' అని పిలిచారని నొచ్చుకుని, బయటికి వెళ్ళి మళ్ళీ వచ్చాడు. ఇంకొకావిడ పాట అయ్యాక నా దగ్గరికి వచ్చి, "నన్ను పిలిచినప్పుడు పడవ హారను కొట్టేడండి. మళ్ళీ వత్తాను, ఈసారి కొంచెం గట్టిగా పిలవమనండి" అని బతిమాలింది. సాయంత్రం కేసెట్టు తిప్పి వింటే పాట గుప్పెడు, పిలుపులు గంపెడు.

"అత్తా, పిలవకుండా పాడలేవా?" అన్నాను కోపంగా.

"గుమ్మంలోకి వచ్చిన మనిషిని రండి అనకుండా పాటేంట్రా? ఆళ్ళేమనుకుంటారు?"

"పాట వింటారు. దానికే కదా వచ్చింది!"

"కాదురా. ఆళ్ళు పిలిపించుకోడానికి వచ్చేరు" అంది చిన్నత్త. అది మాత్రం నిజమే.

మైకు బాబాయికి అది పరమానందంగా ఉంది. "పిలుపులే కదండీ మేష్టారూ అసలు సరుకు! పిలిపించుకున్న ప్రతివోడూ పది మందికి వినిపిత్తాడు" అన్నాడు. ఇంకా చాలామందికి తనే మాట ఇచ్చేశాడని తర్వాత తెలిసింది. ఇక లాభం లేదని ఆ పిలుపులన్నీ చెరిపేసి, గేటుకి గొలుసు వేసి, కాపలాకి ఎవరు దొరుకుతారా అని చూస్తుంటే, వదినగారే ముందుకొచ్చింది. కుర్చీ వేసుకుని గేటు ముందు కూర్చుని, వచ్చినవాళ్ళందరినీ మహా ఇష్టంగా తిప్పి పంపించేది. "మొదటిదాంట్లో నేను ఉన్నాను కదండీ. చాలండి. ఊరికే అందరూ ఉంటే బాగోదండి" అని చెప్పేదట. పదవిని కాపాడుకోవడంలో ఆవిడకి ఉన్న శ్రద్ధ నేను తర్వాత పెద్ద పెద్ద ఉద్యోగుల్లో కూడా చూడలేదు.

అలా నిశ్శబ్దం కుదిరాక అసలు సమస్య బయటపడింది. చిన్నత్త ఈ కేసెట్టులో తప్పకుండా ఉండాలన్న పాట ఒకటి ఉంది, ఊడ్పుల పాట. ఊడ్పులు తెలియని వాళ్ళకి ఒక మాట చెప్పాలి. నాట్లు వేసేవాళ్ళు ముందుకి నడవరు, వెనక్కి నడుస్తారు. ముందుకు నడిస్తే నాటిన మొక్కనే తొక్కుతారు మరి. వంగి, నారు గుచ్చుతూ, వెనక్కి వెనక్కి జరుగుతారు. ఆ పాట ఇది.

ఆ గట్టున నువ్వుంటె ఈ గట్టున నేనుంటె
ఎనక్కెనక్కి నాటుకుంటు ఎల్లిపోతా ఉంటె
మొకమైన సూడకుండ సుట్టపోళ్ళ మల్లె...

అంతే. అక్కడ ఆగిపోయేది. చేటలో చెయ్యి అలాగే ఉండేది, చూపు గేటు వైపు వెళ్ళేది. కాసేపటికి "అయిపోయిందిరా" అనేది. అయిపోవడం ఏమిటి? ఏ పిల్లవాణ్ణి అడిగినా ఇంకో చరణం కావాలని చెప్తాడు. మళ్ళీ పాడించాను. మళ్ళీ అక్కడే ఆగింది. మర్నాడు కూడా అంతే. నాకు ఆశ్చర్యం పట్టుకుంది. గొంతులో ఇబ్బందేమోనని మిరియాల పాలు కాచి ఇచ్చాను. ఊపిరి అందడం లేదేమోనని పీట తీసి కుర్చీ వేశాను. బొంతలు గాలిని అడ్డుకుంటున్నాయేమోనని ఒకటి తీసేశాను. మాట మర్చిపోయిందేమోనన్న అనుమానంతో, ఆవిడకి సాయంగా ఆఖరి చరణం నేనే రాశాను. "కలువపూవుల వలెను కలసి మెలసి ఉందము" అని. చదివి వినిపించాను. చిన్నత్త నా వైపు చూసి, "బానే ఉందిరా. చేలో కలువపూలెందుకుంటాయో గానీ... దాచుకో, నీ పెళ్ళికి పాడతాను" అంది. (నా పెళ్ళికి నిజంగానే పాడింది. మా మామగారి తరఫువాళ్ళు ఇప్పటికీ గుర్తు చేస్తారు.)

"మావయ్యా, అత్త అక్కడ ఎందుకు ఆగుతోంది?" అని లాకుల దగ్గరికి వెళ్ళి అడిగాను.

"ఆయ్. ఆగుద్ది" అన్నాడు.

చివరికి వదినగారే గేటు దగ్గర కుర్చీలోంచి నన్ను సైగ చేసి పిలిచింది. గొంతు తగ్గించి, "బాబూ, మీకు తెలీదు గానీ, ఆ రోజు గేటు తీసుకుని వచ్చింది నేనొక్కదాన్నే కాదండి. నా ఎనకాల మీ పెద్దత్తగారు కూడా ఉన్నారు. ఇద్దరం ఒకే బస్సు దిగేం. ఆవిడ గొడుగు మడుత్తా ఎనకాల నుంచున్నారు. మీ చిన్నత్తగారు నన్ను పిలిచేరు, ఆవిణ్ణి పిలవలేదు. అప్పుడేం అనలేదండి ఆవిడ. మజ్జిగ తాగి ఎల్లిపోయేరు. తరవాత ఆ కేసెట్టు ఊరూరా మోగింది కదా... వియ్యపురాలిని రమ్మంది, తోడబుట్టినదాన్ని రమ్మన్లేదని లోకమంతా ఇన్నట్టే కదండీ. అప్పటి నుంచీ ఆవిడ ఈ గుమ్మం తొక్కలేదు" అంది. ఆ మాట చెప్తున్నప్పుడు వదినగారి మొహంలో ఇన్నాళ్ళ దర్జా లేదు.

అప్పుడు నాకు అంతా తెలిసిపోయిందనుకున్నాను. ఓహో, చిన్నత్త ఈ రెండో కేసెట్టుకి ఒప్పుకున్నది అక్కని పాటలో పిలవడానికన్నమాట! పాట చివర ఆ ఖాళీ, పిలుపు కోసం ఉంచిన చోటన్నమాట! ఇంత చిన్న విషయానికి ఇన్ని మిరియాలు దండగ చేశానే అనిపించింది. పెద్దత్తని తెచ్చి గుమ్మంలో నిలబెడితే సరి, చిన్నత్త 'రండి' అంటుంది, కేసెట్టు పూర్తవుతుంది. శాస్త్రీయమైన పరిష్కారం. మర్నాడు సెలవు పెట్టి, పంటు దాటి, బస్సెక్కి రాజోలు వెళ్ళాను.

పెద్దత్త వీధిలోనే నన్ను చూసి, "రా నాన్నా రా, రా కూర్చో, రా" అని అవసరానికి మించి పిలిచింది. "మేవైతే గుమ్మంలోకొచ్చినోళ్ళని రమ్మంటాం బాబూ. మాకు పాటలేం రావు కదా" అంది. ఎదురుగా ఉన్న టీ కొట్టులో మొదటి కేసెట్టు మోగుతోంది. గరిటె జారబోయే చోటికి రాగానే పెద్దత్త లేచి, పొయ్యి మీద ఏదో ఉందని లోపలికి వెళ్ళింది. పొయ్యి వెలిగించి లేదని నాకు కనిపిస్తూనే ఉంది. వదినగారు వచ్చి కూర్చున్నాక మళ్ళీ బయటికి వచ్చింది. రోజూ ఇలాగే లేచి వెళ్తుందేమో అనుకుంటే నాకు మొదటిసారి మనసులో కలుక్కుమంది.

నేను వచ్చిన పని చెప్పాను. పెద్దత్త పమిటతో మొహం తుడుచుకుని, "పాటలో పిలిపించుకోడానికి నేను రావాలా? ఆలమూరు నుంచి, అంబాజీపేట నుంచి ఎవరెవరో వచ్చి వరసలో నుంచుంటన్నారంట కదా. ఆ వరసలో నన్నూ నుంచోమంటావా? దాని గుమ్మంలో నేను పుట్టిబుద్ధెరిగి వరసలో నుంచోలేదురా" అంది.

నా శాస్త్రం అక్కడితో అయిపోయింది. "అది కాదు పెద్దత్తా, ఆవిడ పాట పాడలేకపోతోంది. ఎన్నిసార్లు మొదలెట్టినా ఒకే చోట ఆగిపోతోంది" అన్నాను.

"ఏ పాట?"

"నాట్ల పాట."

"ఎక్కడ ఆగుతుందీ?"

నేను పాడి చూపించాను. నా గొంతు గురించి ఇక్కడ వద్దు. టీ కొట్టువాడు తొంగి చూశాడని మాత్రం చెప్తాను. "మొకమైన సూడకుండ సుట్టపోళ్ళ మల్లె..." అని ఆపాను. పెద్దత్త నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. పక్కనున్న కొబ్బరిచిప్ప తీసుకుని కోరడం మొదలుపెట్టింది. తర్వాత, "ఆయ్" అంది. అచ్చం మావయ్యలాగే. వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. కొబ్బరుండలు పొట్లం కట్టి ఇచ్చి, బస్సు తప్పిపోతుందని తరిమేసింది.

ఓడిపోయి వచ్చానని చిన్నత్తకి చెప్పలేదు. పొట్లం విప్పగానే ఆవిడ ఒకటి నోట్లో వేసుకుని, "రాజోలు వెళ్ళేవా?" అని మాత్రం అడిగింది. కొబ్బరుండ ఊరు కూడా చెప్తుందని నాకు అప్పటిదాకా తెలియదు.

తర్వాత వచ్చిన ఆదివారం మధ్యాహ్నం మైకు బాబాయి కచ్చితంగా చెప్పేశాడు. ఊడ్పుల రోజులు దాటిపోతే ఇక పాట ఎవరికి పనికొస్తుంది, ఇదే ఆఖరుసారి, రానిదాన్ని వదిలేద్దామన్నాడు. గోనెపట్టాలు మళ్ళీ కట్టాను. వదినగారు గేటు దగ్గర కూర్చుంది. చిన్నత్త చేట ముందు పెట్టుకుంది. నేను మైకు ఆవిడ ఎదురుగా పెట్టి, మీట నొక్కి, వేలెత్తి సైగ చేశాను.

చిన్నత్త ఆ రోజు పాడినంత బాగా ఎప్పుడూ పాడలేదు. ఆ గట్టు, ఈ గట్టు, వెనక్కి వెనక్కి నడవడం... మూడో వరుస దగ్గరికి వస్తుండగా గేటు దగ్గర ఏదో కదలిక. ఎవరినీ రానివ్వని వదినగారు కుర్చీ పక్కకి లాగి లేచి నిలబడింది. గేటు తెరుచుకుంది. పెద్దత్త లోపలికి వచ్చి, వసారా మెట్టు కింద నిలబడి గొడుగు మడుస్తోంది.

చిన్నత్త తలెత్తింది. "...సుట్టపోళ్ళ మల్లె" అని ఆగింది. నేను ఆనందంతో ఉక్కిరిబిక్కిరయ్యాను. ఇప్పుడు పిలుస్తుంది! ఇప్పుడు అంటుంది 'రండి' అని! ఊరూ పేరూ తెలియని వాళ్ళని పాటలోకి పిలిచిన మనిషి. కొబ్బరి వర్తకుణ్ణి రెండుసార్లు పిలిచిన మనిషి. ఆవిడ నోరు తెరిచింది. మాట రాలేదు. పెదాలు కదిలాయి, మళ్ళీ మూసుకుంది. కళ్ళలోంచి నీళ్ళు చేటలోని బియ్యంలో పడుతున్నాయి. నేను కాకుల్ని తోలి, కోళ్ళని మూసి, గడియారం ఆపి ఇన్నాళ్ళుగా ఏ నిశ్శబ్దం కోసం తాపత్రయపడ్డానో ఆ నిశ్శబ్దం అప్పుడు వచ్చింది. కాలవ మీద పడవ లేదు. కాకి లేదు. ఎవరూ ఊపిరి తీసినట్టు కూడా లేదు. మరి నేనేం చేశాను? ఏమీ వినపడకపోయేసరికి మిషను ఆగిపోయిందేమోనని కంగారుపడి, వంగి, మైకు మీద వేలితో టక్, టక్ అని కొట్టి చూశాను.

పెద్దత్త నా వైపు చూడలేదు. చెల్లెలి వైపు చూసింది. మెట్టెక్కి, తిన్నగా బొంత పక్కకి తోసుకుని లోపలికి వెళ్ళింది. కుండ మీద మూత తీసిన చప్పుడు, చెంబు ముంచుకున్న చప్పుడు వినిపించాయి. తన ఇంట్లో తాగినట్టు నీళ్ళు తాగి, వసారాలోకి వచ్చి, చిన్నత్త వెనక, ఆవిడ వీపుకి వీపు ఆనించి కూర్చుంది.

"నన్ను పిలవడానికి నేనేవన్నా చుట్టాన్నేంటే? పాడు" అంది.

చిన్నత్త పాడలేకపోయింది. అప్పుడు పెద్దత్తే అందుకుంది. గొంతు బొంగురుగా ఉంది, వరస మాత్రం ఎక్కడా తప్పలేదు.

నడిసేలో యీపు యీపు తగలదంటె సెల్లీ...

అదీ ఆ పాటలో ఆఖరి వరుస. అది ఎప్పుడూ చిన్నత్తది కాదట. అక్కాచెల్లెళ్ళు చెరో గట్టు నుంచి నాటుకుంటూ వచ్చేటప్పుడు మూడు వరుసలు చిన్నది పాడితే, నాలుగోది పెద్దది అవతల గట్టు నుంచి అందుకునేదట. మొహాలు చూసుకోకుండా నడిచినా వెనక్కి నడిచేవాళ్ళ వీపులు చేను మధ్యలో తగలక తప్పదు కదా. పాటలో ఆ ఖాళీ ఉన్నది పిలుపు కోసం కాదు, పెద్దత్త గొంతు కోసం. నేను టీ కొట్టు ముందు ఖూనీ చేసి పాడిన ముక్కలో అంత కబురుందని పెద్దత్తకి తెలిసింది, మోసుకెళ్ళిన నాకు తెలియలేదు. చెల్లెలు తనని పిలవలేదన్న కోపం ఆవిడకి ఎప్పుడు పోయిందో నేను చెప్పలేను. బహుశా అందరినీ పిలవగలిగిన నోరు తనని చూసి పిలవలేకపోయినప్పుడే పోయి ఉంటుంది.

పాట అయ్యాక వదినగారు గేటు దగ్గర నిలబడే కళ్ళు తుడుచుకుంటోంది. లాకుల దగ్గర నుంచి మావయ్య ఎప్పుడు వచ్చాడో, గోనెపట్టా పక్కన నిలబడి ఉన్నాడు. (ఆ పూట పడవలు ఎందుకు రాలేదో నేను ఆయన్ని అడిగాను. "ఆయ్" అన్నాడు.) నేను డైరెక్టరు హోదాలో గొంతు సవరించుకుని, "బాగుంది గానీ మధ్యలో ఖాళీ వచ్చింది, చెంబు చప్పుడు పడింది. ఇంకొక్కసారి తీసుకుందామా?" అన్నాను. అందరూ నా వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. మా వైపు ఎవరూ మొహం మీద కాదనరని చెప్పాను కదా. ఆ రోజు మావయ్య కాదన్నాడు. "వద్దు" అన్నాడు.

రెండో కేసెట్టు మొదటిదానిలా మోగలేదు. పిలుపుల్లేవని మైకు బాబాయి దిగులుపడ్డాడు. పెళ్ళిపందిట్లో మధ్యలో పాట ఆగిపోతే మైకు పాడైందని జనం అరిచేవారట. కానీ ఊడ్పులకి వెళ్ళే ఆడవాళ్ళు మాత్రం ఆ పాట నేర్చుకున్నారని, చెరో గట్టు నుంచీ పాడుకుంటున్నారని కొన్నాళ్ళకి తెలిసింది. మూడు వరుసలయ్యాక కాసేపు ఆగి మరీ నాలుగోది అందుకునేవారట, అది కూడా పాటలో భాగమనుకుని. వాళ్ళు అనుకున్నదే నిజం.

ఇద్దరత్తలూ ఇప్పుడు లేరు. మొన్న మా మనవరాలు ఆ కేసెట్టుని ఎక్కడో ఇచ్చి ఫోన్‌లోకి ఎక్కించి తెచ్చింది. పక్కన కూర్చుని విన్నాను. గట్లు, నాట్లు, చిన్నత్త గొంతు, తర్వాత ఆ నిశ్శబ్దం.

"తాతయ్యా, ఇక్కడ ఏమీ లేదు, మధ్యలో టక్ టక్ అని ఏదో చప్పుడు మాత్రం ఉంది. ఇది తీసేయొచ్చట, తీసేయమంటావా?" అని అడిగింది.

"ఉంచమ్మా. అది నేనే" అన్నాను.

అది ఏమిటో దానికి అర్థం కాలేదు. నేను విడమరిచి చెప్పలేదు. ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఒక్క మాట కూడా లేకుండా మాట్లాడుకుంటుంటే, పక్కనే కూర్చుని మిషను చెడిపోయిందేమోనని తట్టి చూసుకున్న ఆ ధ్వని మేష్టరు ఇంకా అందులో ఉన్నాడు. ఎన్నిసార్లు విన్నా, వాడు మైకు మీదికి వేలు చాపే చోటికి రాగానే, 'ఒరే, ఆగరా, పనిచేస్తూనే ఉంది' అని చెప్పాలనిపిస్తుంది. వాడు వినడు, కొట్టనే కొడతాడు.